ఆ బొమ్మ చూసి నేను నవ్వాను

మా నాన్నగారికి ఒక అలవాటుంది. పొద్దున్న వచ్చిన పేపరు ఇంటిల్లిపాదీ చదివేశాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చిన్న కత్తెర పట్టుకుని కూర్చుంటారు. ఆ రోజు కార్టూను జాగ్రత్తగా కత్తిరించి, మైదాపిండి ఉడికించిన జిగురుతో లాంగ్ నోటుబుక్కులో అంటిస్తారు. కింద తేదీ వేస్తారు. శ్రీకాకుళంలో హైస్కూలు సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారాయన. "పాఠం చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది, బొమ్మ చూపిస్తే పెళ్ళయినా గుర్తుంటుంది" అనేవారు మాతో.

నిజమే మరి! ఎమర్జెన్సీ నేను పుట్టకముందు సంగతి. అయినా నాకు ఎమర్జెన్సీ అనగానే ఒక స్నానాల తొట్టె కళ్ళముందు కనిపిస్తుంది. 1975 డిసెంబరులో అబూ అబ్రహాం ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వేసిన కార్టూను అది. రాష్ట్రపతి తొట్టెలో స్నానం చేస్తూనే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి బయటికి అందిస్తూ, ఇంకేమన్నా ఉంటే కాస్త ఆగమనండి అంటుంటారు. ప్రజల హక్కులు ఎంత తేలిగ్గా పోయాయో చెప్పడానికి నాన్నగారికి ఆ ఒక్క బొమ్మ చాలు. ఆ ఏడాదే 'శంకర్స్ వీక్లీ' మూతబడింది. 1948 నుంచి ఇరవై ఏడేళ్ళు దేశాన్ని నవ్వించిన పత్రిక, నవ్వడానికి వీల్లేని రోజులొచ్చాక ఆగిపోయిందని ఆయన చెబుతుంటే, అది మా బంధువుల కబురులా వినేవాళ్ళం.

అలాంటి ఇంట్లో పుట్టాను కదా, కార్టూన్ల గురించి నాకు తెలియనిదేముందిలే అనుకునేదాన్ని. ఆ గర్వం కాస్తా 2012లో దిగిపోయింది. ఎలా దిగిపోయిందో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

సగం తాగిన టీ

అప్పుడు నేను నెలల పిల్లతో పుట్టింట్లో ఉన్నాను. మే నెల. డిగ్రీలో మూడేళ్ళు నాతోపాటు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు పాపని చూడ్డానికి వచ్చింది. అప్పటికే డీఎస్సీలో సెలెక్టయి టీచరుగా చేస్తోంది. మాది ఎలాంటి స్నేహమంటే... ఒకే క్యారేజీలో తినేవాళ్ళం, ఒకే నోట్సు చదివేవాళ్ళం. దాని కులమేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే గొప్ప సంస్కారమని నా నమ్మకం.

అంతకు రెండు రోజుల ముందే, మే 11న, పార్లమెంటు ఒక కార్టూను గురించి దద్దరిల్లింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో శంకర్ 1949లో వేసిన కార్టూను ఒకటి అచ్చువేశారు. రాజ్యాంగం నత్తనడక నడుస్తోందని దాని భావం. నత్త మీద డాక్టర్ అంబేడ్కర్ కూర్చుని ఉంటారు. వెనకాల నెహ్రూ కొరడా పట్టుకుని నిలబడి ఉంటారు. చుట్టూ జనం చూస్తుంటారు. 2006 నుంచీ పుస్తకంలో ఉన్న ఆ బొమ్మ అంబేడ్కర్‌ని అవమానిస్తోందని సభ్యులు మండిపడ్డారు. దాన్ని తీసేస్తామని మంత్రి ప్రకటించారు. పుస్తకం తయారీలో సలహాదారులైన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు.

టీవీలో ఆ బొమ్మ చూపిస్తున్నారు. నేను పాపకి పాలసీసా కడుగుతూ చూసి ఫక్కున నవ్వాను. "అరవై ఏళ్ళ కిందటి కార్టూనుకి ఇప్పుడింత గోలేంటే? నెహ్రూ తనని కూడా వదలొద్దని శంకర్‌కి చెప్పాట్ట! మన జనానికి నవ్వడం రాకుండా పోతోంది" అన్నాను, నాన్నగారి కూతుర్ననే దర్జాతో.

అది వెంటనే ఏమీ అనలేదు. టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ బొమ్మలో జనాన్ని చూశావా?" అంది.

"చూశాను, ఏం?"

"వాళ్ళూ నీలాగే నవ్వుతున్నారు. నువ్వు ఆ జనంలో ఉన్నావు. నేను నత్త మీద ఉన్నాను. కొరడా ఎవరికి తగిలేలా ఉందో నీకు అక్కణ్ణించి కనపడదులే."

పాప చేతిలో యాభై రూపాయల నోటు పెట్టి వెళ్ళిపోయింది. టీ సగం అలాగే ఉంది.

నాకు కోపం వచ్చింది. ఉన్నమాట చెప్పాలిగా! ఇన్నేళ్ళ స్నేహంలో మొదటిసారి నన్ను వేరుచేసి మాట్లాడిందే అని ఉడుక్కున్నాను. నేనే ముందు ఫోను చెయ్యకూడదని పంతం పట్టాను.

నెల తిరిగేసరికి...

జూన్ 12న లక్ష్మీపేట జరిగింది.

మాకు ఎక్కడో దూరం ఊరు కాదది. వంగర మండలం. అప్పట్లో మా శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు మారాక విజయనగరంలోకి వచ్చింది. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూముల్లో మునగకుండా మిగిలినవి ఉన్నాయి. వాటి సాగు దగ్గర వచ్చిన తగాదాలో దళితవాడ మీద ఊళ్ళోవాళ్ళే దాడి చేశారు. ఐదుగురు దళితులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎంతోమందికి దెబ్బలు తగిలాయి. కారంచేడు 1985లో, చుండూరు 1991లో... ఇవన్నీ అటు కోస్తా జిల్లాల సంగతులు, మా ఉత్తరాంధ్ర మెతక మనుషుల నేల అని చెప్పుకునేవాళ్ళం. ఆ మాట ఆ రోజుతో అబద్ధమైపోయింది.

నా స్నేహితురాలికి వంగర వైపు చుట్టాలున్నారు. ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. బస్సెక్కి వెళ్ళొచ్చు కదా? శ్రీకాకుళం నుంచి ఎంత దూరమని! చంటిపిల్ల ఉందన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. కార్టూను గురించి అరగంట మాట్లాడగలిగినదాన్ని, ఐదుగురు మనుషులు పోతే ఏం మాట్లాడాలో తెలీక ఊరుకున్నాను.

ఆ వారం నాన్నగారి పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా ఉంది. కింద తేదీ మాత్రం వేశారు... 12-6-2012. "అంటించడానికి ఏదీ చేతికి రాలేదమ్మా" అన్నారంతే.

కర్ర ఎవరి చేతిలో?

నాలుగేళ్ళు గడిచాయి. విజయనగరంలో కాపురం, పిల్ల, స్కూలు, మధ్యలో నా కథలు. అదీ నేనూ మాట్లాడుకోలేదు.

ఒక ఆదివారం మా వారు పాత వారపత్రిక తిరగేస్తూ ఒక జోకు చూపించారు. అర్ధరాత్రి పిల్లిలా ఇంట్లోకి వస్తున్న మొగుడు, తలుపు వెనక అప్పడాల కర్రతో పెళ్ళాం. వందసార్లు చూసిన బొమ్మే. ఇద్దరం నవ్వుకున్నాం. అంట్లు తోముకుని లోపలికి వస్తున్న మా పనిమనిషి "ఏటమ్మా అంత నవ్వొచ్చీసింది?" అని అడిగింది. చూపించాను.

ఆవిడ ఎడమ బుగ్గ వాచి ఉంది. పొద్దున్నే చూశాను. అడిగితే గడప తగిలిందంది.

బొమ్మని కాసేపు చూసింది. "మా ఇంటికాడ కర్ర ఆడి సేతిలో ఉంటాదమ్మా. ఈ బొమ్మేసినోలు ఎప్పుడూ సూడనేదేటి?" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

మా వారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

ఆడవాళ్ళని గృహహింస నుంచి కాపాడ్డానికి 2005లో ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చిన దేశంలో, దశాబ్దాల తరబడి కర్ర మన చేతిలో పెట్టి నవ్వుకున్నారు. మనమూ నవ్వాం. 'సరదాకే కదా' అన్నాం. కుంచె మన చేతికి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూడండి. మన పక్కనున్న విశాఖపట్నం నుంచి రాగతి పండరి గారు తెలుగులో మొదటి మహిళా కార్టూనిస్టుగా పేరు తెచ్చుకున్నారు. పోలియో వల్ల నడక లేకపోయినా వేల బొమ్మలు గీశారు. 2015లో ఆవిడ పోయేనాటికి కూడా ఆ దారిలో నడిచిన ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "కొరడా ఎవరికి తగిలేలా ఉందో నీకు అక్కణ్ణించి కనపడదులే" అన్న మాట నాలుగేళ్ళ తర్వాత చెవిలో పడింది. పొద్దున్నే లేచి ఉత్తరం రాశాను. ఫోనులో 'సారీ' అనేస్తే తేలిగ్గా పోతుందని, కాగితం మీద రాశాను. "నేను జనంలోంచి నవ్వాను. తర్వాత నువ్వు ఏడుస్తున్నప్పుడు రాలేదు. రెండోదే పెద్ద తప్పు."

పది రోజులకి జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. "ఆదివారం రాజాం బస్సెక్కు."

బొమ్మ పక్కన జవాబు

కౌగిలించుకుని ఏడుస్తామని ఊహించుకుంటూ వెళ్ళాను, కథలు రాసేదాన్ని కదా! అలాంటిదేం జరగలేదు. అది పప్పు పెట్టి, వంకాయ కూర వేసి, "తిను" అంది. తిన్నాక చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ బొమ్మ చింపెయ్యాలని నేనెప్పుడూ అనలేదే. గీసినవాణ్ణి జైల్లో పెట్టమనీ అనలేదు" అంది. నిజమే, అదే 2012లో జైళ్ళూ చూశాం. ఏప్రిల్‌లో కలకత్తా జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసరు అంబికేశ్ మహాపాత్ర ముఖ్యమంత్రి మీద వచ్చిన కార్టూనుని ఈ-మెయిల్లో నలుగురికి పంపినందుకు అరెస్టయ్యారు. ఆయన మీద కేసు 2023 జనవరిలో గానీ తేలలేదు. సెప్టెంబరులో కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని రాజద్రోహం కింద పట్టుకెళ్ళారు. బొమ్మకి సంకెళ్ళు వెయ్యడం మొదలైతే అది చివరికి బలహీనుల బొమ్మలకే పడుతుందని దానికి నాకన్నా బాగా తెలుసు.

"మరి నీకేం కావాలి?" అన్నాను.

"ఆ బొమ్మ పక్కన ఆయన జవాబు వెయ్యాలి. ఆయన జవాబిచ్చారే! ఎవరు చెప్పారు పిల్లలకి?"

నాకూ తెలీదు. సోషల్ మాస్టారి కూతుర్ని, నాకూ తెలీదు. అదే చెప్పింది. శంకర్ బొమ్మ 1949 ఆగస్టులో వచ్చింది. ఆలస్యం, ఆలస్యం అని అప్పట్లో అందరూ అంటున్నారు. ముసాయిదా కమిటీని పేరు మార్చి వెక్కిరించిన సభ్యుడూ ఉన్నాడు. మూడు నెలలకి, నవంబరు 25న, రాజ్యాంగ సభలో అంబేడ్కర్ లెక్కలతో సహా సమాధానం చెప్పారు. మనకి పట్టింది రెండేళ్ళ పదకొండు నెలల పదిహేడు రోజులు. అమెరికావాళ్ళు నాలుగు నెలల్లో పూర్తిచేశారు గానీ వాళ్ళవి ఏడే అధికరణాలు. ఆస్ట్రేలియాకి తొమ్మిదేళ్ళు పట్టింది. మనవి 395 అధికరణాలు, సభలో చర్చకొచ్చిన సవరణలే 2,473. మరి నత్త ఎక్కడుంది?

అదే ఉపన్యాసంలో ఆయన ఒక హెచ్చరిక కూడా చేశారు. 1950 జనవరి 26 నుంచి ఓటులో అందరం సమానం అవుతాం, బతుకులో మాత్రం అసమానంగానే ఉంటాం, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలిపోతుందన్నారు. సోదరభావం లేకపోతే స్వేచ్ఛా సమానత్వాలు నిలబడవన్నారు.

"ఆయన చెప్పింది లక్ష్మీపేటలో చూశాం" అంది అది. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత తెలిసింది, దానిలా ఆలోచించినవాళ్ళు ఇంకా ఉన్నారని. మన తెలుగువాడే, ఉన్నమతి శ్యామసుందర్ అని, స్వయంగా కార్టూనిస్టు, పరిశోధకుడు. 2012 గొడవ తర్వాత పాత ఇంగ్లీషు పత్రికలు గాలించి, అంబేడ్కర్ బతికుండగా ఆయన మీద వచ్చిన కార్టూన్లు వందకు పైగా పోగుచేశారు. శంకర్, ఎన్వర్ అహ్మద్, ఆర్.కె. లక్ష్మణ్ లాంటి పెద్దపెద్దవాళ్ళ బొమ్మలు. ఒక్కో బొమ్మ పక్కన ఆనాడు నిజంగా ఏం జరిగిందో రాసి 'నో లాఫింగ్ మేటర్' పేరుతో 2019లో నవయాన ద్వారా తెచ్చారు. 'ఇది నవ్వులాట కాదు' అని ఆ పేరుకర్థం. ఆ బొమ్మల్ని ఆయన దాచలేదు, చింపలేదు. వెలుగులోకి తెచ్చి, పక్కన నిజం పెట్టారు. మా స్నేహితురాలు తను కొన్న కాపీ నాకు పంపింది. అట్ట మీద ఏమీ రాయలేదు. లోపల నత్త బొమ్మ దగ్గర మాత్రం చిన్న కాగితం ముక్క పెట్టింది.

నవ్వు ఎవరి మీద?

ఇంతకీ నవ్వడం తప్పా? మా విజయనగరంలో ఉంటూ ఆ మాట ఎలా అంటాను! గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం ఇక్కడే 1892లో మొదటిసారి ఆడారు. కొంచెం గుర్తుచేసుకోండి. ఆ నాటకంలో ముసలితనంలో పెళ్ళికి సిద్ధమైన లుబ్ధావధాన్లుని చూసి నవ్వుతాం. కూతుర్ని అమ్ముకోబోయిన అగ్నిహోత్రావధాన్లుని చూసి నవ్వుతాం. అమ్ముడుపోబోయిన ఆ చిన్నపిల్ల సుబ్బిని చూసి ఎవరమైనా నవ్వుతామా? ఆమె కోసం మనసు గిలగిల్లాడుతుంది. నవ్వు పెద్దవాళ్ళ మీదికి వెళ్ళింది, జాలి పసిదాని మీదికి వెళ్ళింది. నూరేళ్ళు దాటినా ఆ నాటకం పాతబడకపోవడానికి అదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

దక్షిణాఫ్రికా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. తెల్లవాళ్ళ జాతివివక్ష పాలన పోయాక అక్కడ ఒక కమిషన్ వేశారు... సత్యం, సయోధ్యల కమిషన్. ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షుడు. 1996 నుంచి ఊరూరా కూర్చుని బాధితుల గోడు విన్నారు. ఇరవై ఒక్క వేలమందికి పైగా తమ బాధ నమోదు చేయించారు. అక్కడ జాపిరో అనే కలంపేరుతో గీసే కార్టూనిస్టు ఉన్నాడు, అసలు పేరు జొనాథన్ షపీరో. వివక్ష రోజుల్లో 1988లో నిర్బంధం అనుభవించినవాడు. కమిషన్ మీద అతను గీసిన ఒక బొమ్మ గురించి చదివాను. టుటు అందర్నీ నడిపించుకుంటూ సత్యం అనే కొండ అంచుకి వస్తాడు. అవతల సయోధ్య కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో పెద్ద అగాధం!

నాకు మా కథే గుర్తొచ్చింది. 'సారీ' అన్నంత మాత్రాన అవతలి గట్టుకి చేరిపోం. చంపినవాడూ చచ్చినవాడూ ఉన్న ఊళ్ళో ఆ అగాధం ఎంత లోతుంటుందో! అయితే ముందు ఈ గట్టుకైనా రావాలి కదా. జరిగింది జరిగినట్టు ఒప్పుకోవాలి. మనం 'అయిపోయిందేదో అయిపోయింది, సర్దుకుపోండి' అంటాం. ఆ మాట ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళకే చెబుతాం. అత్తారింట్లో దెబ్బలు తిన్న ఆడపిల్లకీ అదే చెబుతాం, గమనించారా?

ఒకే కాగితం మీద ఇద్దరు

2019 నవంబరు 26. రాజ్యాంగ దినోత్సవానికి స్కూల్లో పిల్లలతో కార్టూన్లు గీయిస్తాను, కథలు రాసేదానివి, నువ్వూ రావాలంది నా స్నేహితురాలు. వెళ్ళాను. తొమ్మిదో తరగతి.

రెండే నియమాలు పెట్టింది. ఒకటి, నీకన్నా బలమున్నవాళ్ళ మీద గీయి, బలం లేనివాళ్ళ మీద గీయకు. రెండు, నువ్వు ఎవర్ని గీశావో వాళ్ళు కోరితే అదే కాగితం మీద పక్కన జవాబు గీసే హక్కు వాళ్ళకుంది.

ఒక అమ్మాయి గీసింది చూసి నా కళ్ళు చెమర్చాయి. వంటింట్లో అన్నిటికన్నా పై అలమరలో 'హక్కులు' అని రాసిన డబ్బా. కింద పీట మీద నిలబడి చెయ్యి చాపినా అందని పిల్ల. పక్కనే మంచం మీద కూర్చుని ఆ డబ్బాలోంచే తింటున్న అన్నయ్య!

ఇంకో అబ్బాయి మొదటి నియమం మర్చిపోయాడు. మధ్యాహ్న భోజనం వరస గీసి, పక్క వీధి పిల్లలకి మాత్రం కుండల్లాంటి బొజ్జలు పెట్టి, 'ఉచితం' అని రాశాడు. ఎవర్ని గీశాడో క్లాసుకంతా తెలుసు. చప్పుడాగిపోయింది. నాకు గుండె దడదడలాడింది. చింపెయ్యమంటుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. అది మాత్రం ఆ కాగితం తీసుకెళ్ళి, వెనక బెంచీలో తల దించుకున్న కుర్రాడి ముందు పెట్టింది. "జవాబు గీస్తావా? నీ ఇష్టం, బలవంతం లేదు" అంది.

వాడు పదినిమిషాలు పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు. తర్వాత గీశాడు. అదే వరస, అవే కంచాలు. వరస చివర్లో మొదటి కుర్రాడే తన కంచం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెక్కుచెదరని పోలిక, ఆ చెవులతో సహా! కింద ఒకటే మాట... 'నువ్వూ ఇందులోనే ఉన్నావు కదరా.'

క్లాసంతా నవ్వింది. మొదటి కుర్రాడు ముందు ఎర్రబడ్డాడు. తర్వాత వాడికీ నవ్వు ఆగలేదు. ఇంటర్వెల్లో ఇద్దరూ ఆ చెవుల గురించి వాదించుకుంటున్నారు.

"దీంతో రెండు వీధులూ కలిసిపోతాయనుకుంటున్నావా?" అని అడిగాను బస్టాండుకి నడుస్తూ.

"పిచ్చిదానా, బొమ్మలతో వీధులు కలిసిపోతే ఇంకేం! భూమి కావాలి, కోర్టులో న్యాయం జరగాలి, పనికి కూలి గిట్టాలి. కాకపోతే వీళ్ళిద్దరూ పెద్దయ్యాక కర్ర ఎత్తే ముందు ఒక్క క్షణం ఈ కాగితం గుర్తొస్తే చాలు" అంది.

ఖాళీ పేజీ

నాన్నగారికి ఇప్పుడు చూపు ఆనటం లేదు. సెలవులకి వెళ్ళినప్పుడు కత్తెర మా అమ్మాయి పట్టుకుంటోంది. ఒకరోజు పాత పుస్తకాలు తిరగేస్తూ ఆ ఖాళీ పేజీ దగ్గర ఆగి, "తాతగారూ, ఇక్కడ బొమ్మ ఊడిపోయిందా?" అని అడిగింది. నాన్నగారు నా వైపు చూశారు. నేను చెప్పాను. లక్ష్మీపేట గురించీ, సగం తాగిన టీ గురించీ, నేను వెళ్ళకపోవడం గురించీ... ఏదీ దాచకుండా. పిల్లలకి మన గొప్పలే చెబుతాం, తప్పులు కూడా చెప్పాలి.

ఈ మధ్య నా స్నేహితురాలు శ్రీకాకుళం మా ఇంటికి వచ్చింది, ఇన్నేళ్ళకి. ఆ పేజీ దానికీ చూపించాను. తేదీ మీద వేలు పెట్టి కాసేపు ఉండిపోయింది. "దీన్ని ఖాళీగానే ఉంచండి మాస్టారూ" అంది నాన్నగారితో.

రేపు పొద్దున్న పేపర్లో కార్టూను చూస్తారు కదా. నవ్వొస్తే హాయిగా నవ్వండి. నవ్వాక ఒక్క క్షణం ఆగి, ఆ బొమ్మలో నేనెక్కడున్నాను, కర్ర ఎవరి చేతిలో ఉంది, దెబ్బ ఎవరికి తగులుతోంది అని చూడండి. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వకపోతే, "నీకు నవ్వడం రాదు" అనకండి. "నీకేం కనిపించింది?" అని అడగండి. నేను అడిగుంటే నా నాలుగేళ్ళు నాకు మిగిలేవి.

ఆ రోజు అమ్మ అందరికీ టీ ఇచ్చింది. గ్లాసులు తీస్తూ చూశాను. దాని గ్లాసులో చుక్క మిగల్లేదు.